కాక్‌పిట్‌లో మూడో సీటు ఎక్కడికి పోయింది?



మన ఏడో తరగతి క్వశ్చన్ బాక్స్‌లో ఈ నెల వచ్చిన చీటీల్లో ఒకటి ఇది: "మేడమ్, మూడు వందల మంది కూర్చునే విమానాన్ని ఇద్దరే నడుపుతారంట. ఒకరికి కళ్లు తిరిగితే ఎట్ల?" చదివితే నవ్వు రావచ్చు. కానీ ఈ ప్రశ్న మీదే విమాన సంస్థలు, పైలట్ల యూనియన్లు, ప్రభుత్వాలు ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. అమెరికాలో అయితే ఇది తేల్చడానికి అధ్యక్షుడే ఒక కమిటీ వేయాల్సి వచ్చింది.

శ్రీశైలం రోడ్డు మీదుగా హైదరాబాద్ వెళ్లేటప్పుడు తుక్కుగూడ దగ్గర పడగానే పిల్లలు కిటికీకి అతుక్కుపోవడం మీరూ చూసే ఉంటారు. శంషాబాద్‌లో దిగబోయే విమానాలు అక్కడ బాగా కిందికి కనిపిస్తాయి. ఈసారి అటు వెళ్లినప్పుడు పిల్లలతో మాట్లాడుకోవడానికి ఈ నెల "తెలుసుకుందాం" పేజీ పనికొస్తుందని ఆశిస్తున్నాం.

ఒకప్పుడు ఐదుగురు

1940లలో సముద్రాలు దాటే పెద్ద విమానం ముందు భాగంలో ఐదుగురు దాకా ఉండేవారు: కెప్టెన్, కోపైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, రేడియో ఆపరేటర్. నావిగేటర్ నక్షత్రాలను చూసి, లెక్క వేసి విమానం ఎక్కడుందో చెప్పేవాడు. రేడియో ఆపరేటర్ మోర్స్ సంకేతాలతో నేల మీది స్టేషన్లతో మాట్లాడేవాడు. ఇంజన్ల బాధ్యత ఫ్లైట్ ఇంజనీర్‌ది.

మన హైదరాబాద్‌కూ ఆ కాలంలో సొంత విమాన సంస్థ ఉండేది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. డకోటాకు ఇంజన్లు రెండే. అందువల్ల ఫ్లైట్ ఇంజనీర్ అవసరం ఉండేది కాదు. ఇద్దరు పైలట్లకు తోడు రేడియో ఆఫీసర్ వెళ్లేవారు. 1953లో ప్రైవేటు విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

1948 జూన్ 8న ఎయిర్ ఇండియా మొదటిసారి బొంబాయి నుంచి లండన్‌కు నడిపిన "మలబార్ ప్రిన్సెస్" మాత్రం నాలుగు ఇంజన్ల కాన్‌స్టెలేషన్ విమానం. ఒక్కో ఇంజన్‌లో 18 సిలిండర్లు. అంత యంత్రాన్ని చూసుకోవడానికి ఫ్లైట్ ఇంజనీర్ తప్పనిసరి.

తర్వాత రేడియోలో నేరుగా మాట్లాడుకునే వీలు కలిగింది, రేడియో ఆపరేటర్ సీటు పోయింది. విమానం ఎక్కడుందో తానే లెక్క కట్టే పరికరం వచ్చింది, నావిగేటర్ సీటు పోయింది. ఇది మనకు తెలియని సంగతి కాదు. మన ఆర్టీసీలో కొన్ని సర్వీసులకు కండక్టర్ ఉండరు. టికెట్ మిషన్ డ్రైవర్ చేతికే వచ్చింది. టికెట్ ఇచ్చే పని ఎక్కడికీ పోలేదు, ఇచ్చే మనిషి మారాడు. కాక్‌పిట్‌లో జరిగిందీ అదే. అందుకే ఒక సీటు పోయిందంటే, ఆ సీటులోని పని ఎవరి చేతికి వెళ్లిందో అడగాలి.

మూడో మనిషి ఏం చేసేవాడు?

పైలట్లిద్దరూ ముందుకు చూస్తూ కూర్చుంటే, ఫ్లైట్ ఇంజనీర్ వాళ్ల వెనకాల, పక్క గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ గోడ నిండా గుండ్రటి మీటర్లు, లైట్లు, స్విచ్‌లు. ఇంజన్ల వేడి, ఆయిల్ ఒత్తిడి, కరెంటు, హైడ్రాలిక్స్, లోపలి గాలి ఒత్తిడి అన్నీ అతని కంటి ముందే ఉండేవి.

ఇంధనం సంగతే చూడండి. పెద్ద విమానంలో ఇంధనం ఒకే ట్యాంకులో ఉండదు, రెక్కల్లో, పొట్ట భాగంలో వేర్వేరు ట్యాంకుల్లో ఉంటుంది. ఒక వైపుది ఎక్కువ ఖర్చయితే విమానం బరువు రెండో వైపుకు మొగ్గుతుంది. కావడి మోసేవాళ్లకు ఒక కుండ ఖాళీ అయితే ఏమవుతుందో మనకు తెలుసు. ఏ ట్యాంకు నుంచి ఏ ఇంజన్‌కు ఎప్పుడు ఇంధనం పంపాలో చూసుకుంటూ, ఈ బరువును సరిగ్గా ఉంచే పని ఫ్లైట్ ఇంజనీర్‌దే. ఏదైనా చెడిపోతే పైలట్లు విమానం నడుపుతూ ఉంటారు, ఆయన ఆ లోపం సంగతి చూస్తాడు.

ఎయిర్ ఇండియా 1960లో తెచ్చిన బోయింగ్ 707లో, 1971లో తెచ్చిన జంబో జెట్ 747లో, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976లో తెచ్చిన ఎయిర్‌బస్ ఏ300లో ఈ మూడో సీటు ఉంది. 1999 డిసెంబర్ 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీ వస్తూ హైజాక్ అయి కాందహార్ చేరిన ఐసీ 814 విమానం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదీ ఏ300 విమానమే. అందుకే ఆ వార్తల్లో కెప్టెన్ దేవీ శరణ్, కోపైలట్ రాజిందర్ కుమార్‌లతో పాటు ఫ్లైట్ ఇంజనీర్ అనిల్ జగ్గియా పేరు కూడా వినిపించింది.

సీటు ఎలా పోయింది?

అమెరికాలో 1940ల చివర ఒక నియమం పెట్టారు. 80,000 పౌండ్లు, అంటే దాదాపు 36 టన్నులు దాటిన విమానంలో ఫ్లైట్ ఇంజనీర్ ఉండాల్సిందే. 1960ల మధ్యలో ఈ నియమాన్ని మార్చారు. విమానం ఎంత బరువుందన్నది కాదు, లోపలివాళ్లకు ఎంత పని ఉందన్నది చూసి సంఖ్య తేల్చాలన్నారు. దాంతో డీసీ-9, బోయింగ్ 737 లాంటివి ఇద్దరు పైలట్లతోనే వచ్చాయి. పైలట్ల యూనియన్లు ఒప్పుకోలేదు. కొన్ని అమెరికన్ సంస్థలు 737లో కూడా చాలా ఏళ్లు మూడో మనిషిని కూర్చోబెట్టాయి.

చివరికి 1981లో అధ్యక్షుడు నియమించిన కమిటీ, కొత్త తరం విమానాలను ఇద్దరితో నడపడం సురక్షితమేనని, భద్రత కోసం మూడో మనిషి తప్పనిసరి కాదని చెప్పింది. అప్పటికే ముగ్గురి కోసం తయారవుతున్న బోయింగ్ 767 కాక్‌పిట్లను ఇద్దరికి సరిపోయేలా మార్చారు. 1989లో వచ్చిన జంబో కొత్త రకం 747-400 నుంచి ఫ్లైట్ ఇంజనీర్ దిగిపోయాడు. పాత జంబో కాక్‌పిట్‌లో లైట్లు, మీటర్లు, స్విచ్‌లు కలిపి 971 ఉంటే కొత్తదానిలో 365 మిగిలాయి.

మిగిలిన పని కంప్యూటర్ తీసుకుంది. ఇంజన్‌కు ఎంత ఇంధనం కావాలో అదే చూసుకుంటుంది. మామూలు పరిస్థితుల్లో ట్యాంకుల మధ్య మార్పులూ చాలావరకు దానంతటవే జరిగిపోతాయి. అంతా బాగున్నంతసేపు లైట్లు వెలగవు. ఏదైనా తేడా వస్తే మాత్రం గంట మోగి, ఏది చెడిపోయిందో, ఏం చేయాలో తెర మీద వరుసగా రాస్తుంది.

మన దేశంలో 1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఇలాంటి ఎయిర్‌బస్ ఏ320 విమానాలను తెచ్చింది. ఆ సంస్థ పైలట్ల శిక్షణ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండడం వల్ల, దేశం నలుమూలల నుంచి పైలట్లు ఇక్కడి సిమ్యులేటర్లలో శిక్షణకు వచ్చేవారు. అయితే మొదటి ఏడాదిలోనే, 1990 ఫిబ్రవరి 14న, బెంగళూరులో దిగబోతున్న ఏ320 రన్‌వేకు ముందే కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. ఇంజన్లు దాదాపు ఖాళీగా తిరుగుతున్నాయి, వేగం పడిపోతోంది. ఇద్దరు పైలట్లూ ఆ సంగతి గుర్తించేసరికి ఆలస్యమైంది. మీటర్లు చూసే పని యంత్రానికి ఇచ్చినా, ఆ యంత్రాన్ని చూసే పని మనిషిదేనని ఆ ప్రమాదం చెప్పింది.

మరి ముగ్గురుంటే క్షేమమా?

అదీ కాదు. విమానయాన చరిత్రలోనే అతి పెద్ద ప్రమాదం ముగ్గురున్న విమానంలో జరిగింది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనరిఫె దీవిలో బాగా మంచు కమ్మింది. ఒకే రన్‌వే మీద రెండు జంబో జెట్లు ఉన్నాయి. కేఎల్ఎమ్ విమానం టేకాఫ్ పరుగు మొదలుపెట్టింది. రేడియోలో మాటలు విన్న ఆ విమానం ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది. ఆ ప్యాన్ అమెరికన్ విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదేమో అని అడిగాడు. కెప్టెన్ ఆ సంస్థలో పెద్ద పేరున్న శిక్షకుడు. ఖాళీ అయిందని గట్టిగా చెప్పాడు. ఇంజనీర్ మళ్లీ అడగలేదు. కొద్ది సెకన్లలో రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు.

సరైన ప్రశ్న అడగడానికి మూడో మనిషి ఉన్నాడు. అతను అడిగాడు కూడా. కానీ ఆ మాట మొదటి మనిషి చెవికి ఎక్కలేదు.

మరుసటి ఏడాది డిసెంబర్ 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ సంస్థ డీసీ-8 విమానం చక్రాల్లో లోపం వచ్చిందని గాల్లోనే తిరుగుతూ ఉండిపోయింది. కెప్టెన్ దృష్టంతా చక్రాల మీదే. ఇంధనం తగ్గిపోతున్న సంగతి ఫ్లైట్ ఇంజనీర్ చెప్పాడు. అయితే "ఇప్పుడే దిగకపోతే పడిపోతాం" అని కుండబద్దలు కొట్టలేదు. ఇంధనం అయిపోయి విమానం ఊరి అంచున కూలింది. 189 మందిలో 10 మంది ప్రాణాలు పోయాయి.

ఈ ప్రమాదాల తర్వాత 1979లో నాసా ఒక సదస్సు పెట్టింది. 1981 నాటికి యునైటెడ్ సంస్థ తన పైలట్లందరికీ కొత్త రకం శిక్షణ మొదలుపెట్టింది. దాన్ని ఇప్పుడు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. సారాంశం రెండే మాటలు: చిన్నవాడు అనుమానం వస్తే స్పష్టంగా చెప్పాలి, పెద్దవాడు ఆగి వినాలి. ఇవాళ మన దేశంతో సహా ప్రపంచమంతటా ఈ శిక్షణ తప్పనిసరి.

ఇద్దరి మధ్య పని ఎలా పంచుకుంటారు?

ఇద్దరూ శిక్షణ పొందిన పైలట్లే. ఎవరికైనా ఆరోగ్యం బాగోకపోతే రెండోవారు విమానాన్ని దించగలరు. మన ఏడో తరగతి ప్రశ్నకు ఇదే సూటి జవాబు. చాలా సంస్థల్లో ఇద్దరికీ వేర్వేరు భోజనం పెట్టడం కూడా ఇందుకే. ఒకే తిండి తిని ఇద్దరూ జబ్బు పడకూడదు కదా.

ప్రతి ప్రయాణంలో ఒకరు నడుపుతారు, రెండోవారు గమనిస్తారు. గమనించేవారిని ఇంగ్లిష్‌లో ఒకప్పుడు "పైలట్ నాట్ ఫ్లయింగ్" అనేవాళ్లు, అంటే నడపని పైలట్. 2000ల మొదట్లో ఆ పేరు మార్చి "పైలట్ మానిటరింగ్" అన్నారు. ఇంగ్లిష్ చెప్పే టీచర్‌గా నాకు ఈ మార్పు చాలా నచ్చింది. మొదటి పేరు ఆ మనిషి చేయని పనిని చెబుతుంది, రెండోది చేస్తున్న పనిని చెబుతుంది. పక్కన కూర్చోవడం కూడా ఒక డ్యూటీయేనని పేరులోనే తెలుస్తోంది.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఈ పంపకం 155 మందిని కాపాడింది. పక్షులు తగిలి రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయాయి. టేకాఫ్ చేసింది కోపైలట్ జెఫ్రీ స్కైల్స్. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ వెంటనే విమానాన్ని తన చేతిలోకి తీసుకున్నారు. స్కైల్స్ ఇంజన్లు మళ్లీ రాజేసే చెక్‌లిస్ట్ అందుకున్నారు. మూడున్నర నిమిషాల్లో విమానం హడ్సన్ నది మీద దిగింది. అందరూ బతికారు.

మన నల్లమల చెప్పే సంగతి

మన అచ్చంపేటవాళ్లకు 2009 సెప్టెంబర్ 2 గురించి ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలి, అందులోని ఐదుగురూ మరణించారు. అది పెద్ద విమానం కాదు గానీ, ముందు సీట్లలో అక్కడా ఇద్దరు పైలట్లు ఉన్నారు.

వాతావరణం ఆ రోజు చాలా చెడ్డగా ఉంది. దానితో పాటు విచారణ నివేదిక చెప్పిన ఇంకో అంశం మన విషయానికి దగ్గరగా ఉంది. ఆయిల్‌కు సంబంధించిన ఒక హెచ్చరిక రావడంతో, దానికి ఏం చేయాలో పుస్తకంలో వెతకడంలో చివరి ఆరు నిమిషాలకు పైగా పైలట్ల దృష్టి అటే ఉండిపోయింది. చుట్టూ మేఘాలు, కింద కొండలు. చనిపోయినవారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, అలాంటి ఒత్తిడిలో ఎవరికైనా జరిగేదే ఇది. కానీ ఒకరు పుస్తకం తీస్తే రెండోవారి కళ్లు దారి మీదే ఉండాలనే నియమం ఎందుకు పెట్టారో దీనివల్ల అర్థమవుతుంది.

ఇక ఒక్కరే చాలరా?

కంప్యూటర్ ఇంత చేస్తుంటే రెండో పైలట్ ఎందుకని కొన్ని కంపెనీలు ఇప్పుడు అడుగుతున్నాయి. సుదూర ప్రయాణంలో మధ్య భాగం ఒక్క పైలట్‌తో నడిపించవచ్చా అని యూరప్ విమాన భద్రతా సంస్థ అధ్యయనం చేయించింది. ఇప్పుడున్న కాక్‌పిట్లతో అది ఇద్దరున్నంత భద్రంగా ఉంటుందని చూపలేమని 2025లో తేలింది. ఒకరికి నిద్ర ముంచుకొచ్చినా, ఆరోగ్యం దెబ్బతిన్నా, పొరపాటు జరిగినా పట్టుకునే రెండో మనిషికి బదులుగా పెట్టగల యంత్రం ఇంకా లేదు. ఐదు సీట్లు నాలుగై, మూడై, రెండు దగ్గర ఆగాయంటే కారణం ఇదే.

దూరం మరీ ఎక్కువైతే మనుషులను ఇంకా పెంచుతారు కూడా. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చిన ఎయిర్ ఇండియా విమానాన్ని నలుగురు మహిళా పైలట్లు నడిపారు: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివాని మన్హాస్. దాదాపు 17 గంటల ప్రయాణం. అంతసేపు ఇద్దరే మెలకువగా ఉండలేరు కాబట్టి వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటారు. మీ అమ్మాయికి ఈ నాలుగు పేర్లూ తప్పకుండా చెప్పండి.

చదువుల సంగతి

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు తరచూ అడిగే ప్రశ్న: "కంప్యూటర్లు అన్నీ చేసేస్తుంటే మా పిల్లలకు ఏ ఉద్యోగం మిగులుతుంది?" ఫ్లైట్ ఇంజనీర్ ఉద్యోగం మన కళ్ల ముందే పోయింది, అందుకే ఇది వట్టి భయం అనలేం. కానీ మీటర్ చూసి అంకె చెప్పే పని యంత్రానికి వెళ్తే, ఆ అంకె సరైనదేనా అని ఆలోచించే పని మనిషి దగ్గరే ఉంది. విమానాన్ని నేల మీద పరీక్షించి, బాగుచేసి, ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టే మెయింటెనెన్స్ ఇంజనీర్లు ఇప్పటికీ కావాలి. శంషాబాద్‌లోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి మరమ్మతు కేంద్రం ఉంది.

పైలట్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, వైద్య పరీక్షలు నెగ్గాలి, కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ తీసుకోవడం మంచిది. ఖర్చు చాలా ఎక్కువ. అందుకే ఏ అకాడమీలోనైనా ఫీజు కట్టేముందు డీజీసీఏ వెబ్‌సైట్‌లో దాని గుర్తింపు చూసుకోండి. ముందుగా వైద్య పరీక్ష చేయించుకోండి.

ఇంట్లో చేసి చూడండి

పరీక్షలకు బయల్దేరే ముందు బ్యాగు సర్దడాన్ని చెక్‌లిస్ట్‌గా మార్చండి. మీరు ఒక్కొక్కటి చదవండి: హాల్ టికెట్, పెన్నులు, స్కేలు, నీళ్ల సీసా. మీ బాబు లేదా పాప ఆ వస్తువును చేత్తో తాకి "ఉంది" అనాలి. తర్వాతి వారం పాత్రలు మార్చండి. మీరు ఊరికి బయల్దేరేటప్పుడు పిల్లలు చదవాలి, మీరు జవాబివ్వాలి. గ్యాస్ కట్టేశారా? మోటార్ ఆపారా? తాళంచెవి ఉందా?

మీరు ఏదైనా మర్చిపోతే పిల్లలు "నాన్నా, మోటార్ ఇంకా నడుస్తోంది" అంటారు. ఆ మాటకు మీరు ఏమంటారన్నది ముఖ్యం. "నాకు తెలుసులే" అని కసిరితే, రెండోసారి వాళ్లు చెప్పరు. "మంచిగ గుర్తు చేసినవ్ బిడ్డా" అంటే, రేపు బండి మీద వెనక కూర్చుని "నాన్నా, స్పీడ్ ఎక్కువుంది" అని కూడా ధైర్యంగా చెబుతారు. పెద్దవాళ్ల మీద గౌరవం ఉంచుతూనే అనుమానాన్ని స్పష్టంగా చెప్పడం పిల్లలు ఇంట్లోనే నేర్చుకోవాలి. స్కూల్లో మేమూ అదే ప్రయత్నం చేస్తున్నాం. బోర్డు మీద లెక్క సరిగ్గా లేదనిపిస్తే చేయి ఎత్తమని క్లాసులో చెబుతున్నాం.

మీ ఇంటి చెక్‌లిస్ట్‌ను పిల్లల చేత ఒక పేజీలో రాయించి డైరీతో పాటు పంపండి. తెలుగులోనైనా, ఇంగ్లిష్‌లోనైనా సరే. బాగున్నవాటిని తరగతి నోటీస్ బోర్డు మీద పెడతాం.